తాత రాసిన 'అనుభవించి'

ఐరాల దగ్గరి మా మామిడితోపుకు కలప వ్యాపారి వచ్చి, చెట్లకు టేపు పెట్టి కొలిచి పోయాడని మా ఆయనే చెప్పాడు. తోపులో ఒంటరిగా ఉండేది మా మేనత్త. "ముసలామె చెట్లు అమ్ముకుంటా ఉండాది. ఇప్పుడే కోర్టుకు పోతే తోపు మన చేతికొస్తుంది," అన్నాడు. అత్త మీద నాకు ఒళ్ళు మండింది.

తాత వీలునామాలో తోపు గురించి ఉన్నది ఒక్క వాక్యం: నా కుమార్తె బ్రతికినంతకాలం అనుభవించి, తదుపరి నా మనుమరాలికి చెందవలెను. ఆ మనుమరాలిని నేనే. మా ఇంట్లో 'అనుభవించడం' అన్న మాట తిట్టడానికే పనికొచ్చేది. చెప్పింది వినక దెబ్బ తగిలించుకుంటే "అనుభవించు" అనేది అమ్మ. కోర్టులో దాని అర్థమేమిటో చిత్తూరు ప్లీడరు చెప్పాడు. అత్త కాయలు అమ్ముకోవచ్చు, అక్కడే ఉండొచ్చు. పచ్చని చెట్టు కొట్టకూడదు, నేల అమ్మకూడదు. కొడితే దావా వేయొచ్చు.

ఆ ధైర్యంతో బయల్దేరాను. అత్త చెప్పబోయే అబద్ధాలన్నీ బస్సులోనే ఊహించుకున్నాను. వెళ్ళేసరికి ఆమె చెట్ల కింద ఎండాకులు ఊడుస్తోంది. అదీ నటనే అనిపించింది. ప్లీడరు మాటలన్నీ ఒక్క గుక్కలో అప్పజెప్పాను.

అత్త చీపురు ఆపింది.

"దీనికి ప్లీడరు దాకా యాల పోయినావు మే? తోపు గుత్తకు తీసుకున్నోడు కాయ కోసుకుంటాడు గానీ కొమ్మ ఇరుస్తాడా? మా నాయన నాకు దీన్ని గుత్తకిచ్చినట్టే. నా ఊపిరుండేదాకా."

నిజమే. మా వైపు పూత మీదే తోటను గుత్తకిస్తారు. ఆ ఏటి కాయ వ్యాపారిది, చెట్టు రైతుది. ఇది చిన్నపిల్లలకూ తెలుసు. అయినా నా అనుమానం చావలేదు.

"మరి టేపు పట్టుకొచ్చినోడు ఎవరు?"

"నన్నడుగుతావా? మీ ఇంటాయన పంపితేనే వచ్చినాడు. నా ముందరే ఆయనకి ఫోన్ జేసినాడు. చెట్టు మీద చెయ్యేస్తే ఊరుకోనని తరిమినా."

నమ్మబుద్ధి కాలేదు. కానీ మా ఆయన ఐరాల వైపు వెళ్ళి ఏళ్ళయింది. కొలతల సంగతి ఆయనకెలా తెలిసిందో నేను అడగనే లేదు.

అప్పుడే ఫోన్ మోగింది. మా ఆయన.

"ఏమంటాది మీ అత్త? ఒప్పుకున్నాదా?"

అత్త నా మొహమే చూస్తోంది.

"టేపు పెట్టినారని మీకెవరు చెప్పినారు?" అన్నాను.

ఆయన ఫోన్ పెట్టేశాడు.