వేడినీళ్ల నల్లా

రియాద్‌ల ఎండకాలం తానం చెయ్యాల్నంటే వేడినీళ్ల నల్లా తిప్పాలె. నవ్వకుండ్రి. డాబా మీది ట్యాంకీల నీళ్లు కుతకుత ఉడుకుతయి, చన్నీళ్ల నల్లా తిప్పితే తోలూడుతది. అందుకే గీజరు బందువెట్టి, ఇంట్ల నీడకుండి అండ్ల సల్లవడ్డ నీళ్లు పోసుకునేటోళ్లం. తలా ఒక బకెట్. అవి ఒడిస్తే మీది ఉడుకునీళ్లే మళ్ల దిగుతయి.

మా రూంల ఆరుగురం. మొదటి బకెట్ కాకది. అందరికన్న పెద్దోడు, జగిత్యాల దిక్కు మనిషి, డాబాల మీద తారు షీట్లు అతికే పని. ఆయన తానం చేసొచ్చి "ఇగ పోండ్రి" అనేదాంక మేం తువ్వాలలు భుజాన ఏసుకోని కూసునేటోళ్లం. ఎవడన్న ముందుగాల దూరితే నేనే తిట్టేటోన్ని. నా నోరు మంచిది గాదు.

ఆ ఏడు నితాఖత్ కానూన్‌ల మా కంపెనీ ఎర్ర లిస్టుల వడ్డది. సౌదీవాళ్లకు సరిపడ కొలువులియ్యలేదని మా ఇకామాలు, అంటే ఆ దేశంల ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కాలే. మాకు వీసాలిచ్చి తెచ్చుకున్న కఫీల్ ఫోన్ ఎత్తుడు బంద్ జేసిండు, వాని నోట్ల మన్నువడ. పనిలేక రూంలనే పడి ఉన్నం. కాక మాత్రం ఎవలన్న పిలిస్తే చాటుంగ పనికి పోతుండె. దేశం ఇడిసిపోనిచ్చే ఎగ్జిట్ కాయితం దొరికితే ఇంటికి వోత అని రోజూ అంటుండె.

ఆ ఎండలకు మనుషులు పిట్టల్లెక్క రాలుతున్నరని ఫోన్లల్ల వస్తుండె. ఇనంగ ఇనంగ మాకేం అనిపియ్యలే.

ఒకనాడు మధ్యాహ్నం కాక పనికాడికెళ్లి గోడ వట్టుకోని వచ్చిండు. ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది, చెమట సుక్క లేదు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తుంటే నా చెయ్యి వట్టుకున్నడు.

"దవాఖాన వద్దురా. ఇకామా లేదు, లోపలేస్తరు. నేను ఇంటికి వోవాలె."

నేను ఇనలే. ఫోన్ చేసిన. తానాల గదిల పండవెట్టి, అందరి నీళ్లు ఆయన మీదనే పోసినం. మొదటి బకెట్‌కు కండ్లు తెరిసి చూసిండు. తర్వాత తెరువలే. పోస్తనే ఉన్నం. నల్లా కిందున్న నా చెయ్యి సుర్రుమన్నది, సల్లటి నీళ్లు ఒడిసినయి. అప్పుడొచ్చింది బండి.

దవాఖానల ఇకామా ఎవ్వరు అడుగలే. అడిగే అవసరం రాలే.

మర్నాడు పొద్దూకినంక గీజరు నిండ సల్లటి నీళ్లున్నయి. తువ్వాలలు భుజాన ఏసుకోని ఐదుగురం కూసున్నం. నువ్వు వో అంటే నువ్వు వో అనుకున్నం. నాకు ఏడుపు గూడ రాలే. పోండ్రి అననీకి మనిషి లేడు. ఆనాడు ఎవ్వలం తానం చెయ్యలే.