కాలు నాది, సంతకం మా అన్నది

చీలమండ విరిగి పదకొండు రోజులైంది. ఇన్ని రోజుల్లో నా కాలి గురించి నాతో తప్ప అందరితోనూ మాట్లాడారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో సేల్స్‌మన్‌ని. ఆ రోజు పనికి వెళ్తూ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే, ఇంకో మెట్టుందని చూసుకోలేదు. పడగానే నొప్పి తెలియలేదు. పాదం పక్కకు తిరిగి ఉండడం చూశాను, అంతే.

ఎల్బీ నగర్‌లో మా ఇంటి దగ్గరి దవాఖానకు అన్న తీసుకెళ్లాడు. డాక్టరు ఎక్స్‌రే చూసి, పేషెంటు తరఫున ఎవరని అడిగాడు. అన్న ముందుకొచ్చాడు. అక్కడితో నాతో పని అయిపోయింది. నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి బయటికి పంపారు. లోపలి మాటలు ముక్కలుగా వినిపించాయి. ప్లేటు, స్క్రూలు. ఆరు వారాల కట్టు. ఎముక జరిగితే.

అన్న బయటికొచ్చి, "కోతలెందుకురా, కట్టుతోనే అతుకుతది. ఆపరేషన్ వద్దని సంతకం పెట్టిన" అన్నాడు.

డాక్టరు ఏది మంచిదన్నాడని అడిగాను.

"నువ్వు ఊకో. నేను మాట్లాడిన గదా."

పదో తరగతి అయ్యాక నా కాలేజీ ఫారం కూడా ఇట్లాగే నింపాడు. నాకు లెక్కలు రావని తెలిసి కూడా లెక్కల గ్రూపే రాశాడు. రెండుసార్లు తప్పాను. అది నేను మరిచిపోలేదు, మరిచిపోవాలని కూడా లేదు.

ఆదివారం మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు. చర్చివాళ్లు పదిమంది నా కట్టు మీద చేతులుంచి ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నాక, నా కాలి పక్కనే కూర్చున్న ఒక పెద్దావిడ అన్న వైపు తిరిగి, "తమ్మునికి ఎట్లుంది నాయనా?" అని అడిగింది.

"మంచిగనే ఉంది అత్తమ్మా" అన్నాడు అన్న.

కట్టులోంచి బయటికున్న వేళ్లు కదిపి చూశాను. కదిలాయి. ఎవరూ చూడలేదు.

నాకు కోతంటే భయమూ లేదు, కట్టే కావాలనీ లేదు. దుకాణంలో రోజుకు పది గంటలు నిలబడాలి. నిలబడలేని సేల్స్‌మన్‌ని ఏ షావుకారూ ఉంచుకోడు. ఈ రెండింటిలో ఏది చేస్తే మళ్లీ నిలబడగలనో తెలియాలి. నాకు కావలసింది అదొక్కటే.

నిన్న రెండో ఎక్స్‌రే తీశారు. ఎముక కొద్దిగా జరిగిందట.

"ఏమంటారండీ? ఆపరేషన్ చేసేద్దామా, ఇంకో వారం చూద్దామా?" అని డాక్టరు అన్నను అడిగాడు.

అన్న గడ్డం గీక్కున్నాడు. బావను అడిగి సాయంత్రం ఫోన్ చేస్తానన్నాడు. నర్సు నా కుర్చీని బయటికి తిప్పింది. నేను చెయ్యి చాపి డాక్టరు బల్ల అంచు పట్టుకున్నాను. కుర్చీ ఆగిపోయింది.

"ఆయనను కాదు సార్, నన్ను చూడుండ్రి. ఈ కాలు మీద నిలబడేది నేను. ఏది చేస్తే నిలబడతనో నాకు చెప్పుండ్రి. చెప్పేదాక ఈడికెల్లి కదల."