మొగ తవ్విన రోజు

నా చిన్నప్పుడు ఎండలు ముదిరాయంటే మా పాళెంలో పెద్దవాళ్ళందరి దిగులూ మొగ గురించే. ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోటును మేము మొగ అంటాం. ఏటి నీళ్ళు బయటికి పోవడానికీ, పోటు నీళ్ళు లోపలికి రావడానికీ అదొక్కటే దారి. వానలు లేని నెలల్లో ఏటిలో ఒరవడి తగ్గుతుంది, సముద్రం ఇసుక తెచ్చి ఆ దారిలో పోస్తుంది. మామూలు ఏడాదుల్లో సగం పూడేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మాత్రం పూర్తిగా పూడిపోయింది. ఏరు కదలడం మానేసింది. మధ్యాహ్నం పూట అందులో కాలు పెడితే చురుక్కుమనేది.

అప్పట్లో మా పెద్దమ్మ మాతోనే ఉండేది. మా అమ్మకు సొంత అక్క. పెళ్ళయిన నాలుగేళ్ళకే ఆమె భర్త తెప్ప మీద వేటకు పోయి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. ఏటిలో దిగి చేత్తో పీతలూ రొయ్యలూ పట్టడం ఆమె బతుకు. మా వైపు ఆడవాళ్ళు చాలామంది ఆ పని చేసేవాళ్ళు. నడుము లోతు నీళ్ళలో కూర్చుని, అడుగున బురదను వేళ్ళతో తడుముతూ, దొరికినదాన్ని మెడకు కట్టుకున్న తాటాకు బుట్టలో వేసుకోవాలి. పెద్దమ్మ మాటలు తక్కువ మనిషి. నీళ్ళలో దిగే ముందు దోసిట్లో కాసిని తీసుకుని ముఖం దగ్గర పెట్టుకునేది. ఆమె దండం పెట్టుకుంటోందని చాలాకాలం అనుకున్నాను. వాసన చూసేదని తర్వాత తెలిసింది.

ఆ ఎండల్లోనే ఒకరోజు పొద్దున్నే పాళెమంతా ఏటి వైపు పరుగెత్తింది. నేనూ పరుగెత్తాను. రాత్రికి రాత్రి చేపలన్నీ నీళ్ళ మీదికి వచ్చేశాయి. కొయ్యింగలు, జెల్లలు, పేరు తెలియని చిన్న చేపలు, ఎక్కడ చూసినా తెరిచిన నోళ్ళే. రొయ్యలు గట్టు మీదికి ఎగిరి పడుతున్నాయి. పీతలు నీళ్ళు వదిలేసి మడచెట్ల వేళ్ళకు ఎగబాకి, అక్కడే పట్టుకుని ఉన్నాయి. వల అక్కర్లేదు, పడవ అక్కర్లేదు, వంగి తీసుకోవడమే. ఆ ఏడాది మా నాయనకు వేట సరిగ్గా లేదు. పది రోజులుగా ఇంట్లో రెండో పూట గంజే. అందుకే మా అమ్మ మొహం ఆ పొద్దు వెలిగిపోవడం నాకు ఇంకా గుర్తుంది. చీర చెంగు దోపుకుని దిగింది. నాకొక చిన్న గంప ఇచ్చింది. నా మోచేయంత కొయ్యింగలను ఏరి ఏరి నింపాను. అంత సంపాదన నేను ఎన్నడూ చేసింది లేదు.

పెద్దమ్మ ఒక్కతే గట్టు మీద నిలబడి ఉంది. గంప మోసుకుపోయి ఆమెకు చూపించాను. ఆమె గంపలోకి చూడలేదు. దాన్ని నా చేతిలోంచి తీసి కింద పెట్టి, నా మణికట్టు పట్టుకుని నీళ్ళలోకి తీసుకుపోయింది. నడుము లోతుకు పోయాక నన్ను తన వైపు తిప్పుకుని, ఒక్క అరచేత్తో నా ముక్కూ నోరూ కలిపి మూసేసింది. మొదట ఆటేమో అనుకున్నాను. తర్వాత గింజుకున్నాను. ఆమె చేతిని గోళ్ళతో గీరాను. కళ్ళు చీకట్లు కమ్మేదాకా ఉంచి, వదిలేసింది. నోరు బార్లా తెరిచి, ఎగశ్వాసతో, ఏడవడానికి కూడా గాలి చాలక నిలబడ్డాను. మా చుట్టూ చేపలు అదే పని చేస్తున్నాయి.

"నీకు ఊపిరి ఆడకపోతే నేను గంప తెచ్చుకోవాల్నా?" అంది.

కోపంగా అనలేదు. నిజంగా అడిగినట్టే అడిగింది. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. కానీ గంప దగ్గరికి పోయి అందులోని చేపలను నా చేతులతోనే నీళ్ళలో వదిలాను. చాలా వరకు అప్పటికే చచ్చిపోయాయి. రెండో మూడో కదిలాయి.

పెద్దమ్మ ఇంటికి పోయి పార తీసుకుని మొగ వైపు నడిచింది. మైలు దూరం ఉంటుంది. ఆమె ఏం చేయబోతోందో నాకు అర్థం కాలేదు, వెనకే పోయాను. ఇసుక తిప్పకు ఇటు ఏరు, అటు సముద్రం. మధ్యలో దాదాపు వంద అడుగుల ఇసుక. ఆమె సముద్రం వైపు నుంచి తవ్వడం మొదలుపెట్టింది. ఒక పార ఇసుక తీస్తే అర పార జారి మళ్ళీ గుంటలో పడేది. నేను కొబ్బరిచిప్పతో తోడాను. చేపలు ఏరుకుని ఇళ్ళకు పోతున్న మగవాళ్ళు ఆగి చూశారు. ఆడమనిషి సముద్రాన్ని తవ్వుతా ఉండాది అని ఒకాయన అంటే మిగతావాళ్ళు నవ్వారు. ఆమె తలెత్తలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చాక అమ్మ గంజి తీసుకుని వచ్చింది. అక్కను తిట్టడానికే వచ్చింది, తిట్టింది కూడా. దేవుడు ఇచ్చిన కూడు కాలదన్నుతున్నావని, పిల్లను ఎండలో చంపుతున్నావని. తిడుతూనే ముంత కింద పెట్టింది. ఇసుక తీస్తున్న అక్క చేతులు బొబ్బలెక్కి చిట్లి ఉండటం చూసి ఆగింది. పార అందుకుంది. కాసేపటికి అమ్మను వెతుక్కుంటూ మా చిన్నమ్మ వచ్చింది, ఆమె కోసం ఇంకొకరు. పెళ్ళాలు ఇళ్ళలో లేకపోయేసరికి మగవాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళకు నిలబడి చూడటం సిగ్గనిపించింది.

సాయంత్రం పోటు మొదలయ్యేటప్పటికి కాలవ ఏటి దాకా పోయింది. వేలు లావు నీళ్ళు పాకాయి. అవి అంచులను కొరుక్కుంటూ జానెడయ్యాయి, బారెడయ్యాయి. పెద్దవాళ్ళు మమ్మల్ని వెనక్కి లాగేశారు. ఒక్కసారిగా తిప్ప రెండు వైపులా కూలి, సముద్రం ఏటిలోకి దూకింది. ఆ చప్పుడు నేను మాటల్లో చెప్పలేను. మగవాళ్ళలో కొందరు ఏడ్చారు.

చేపలు అన్నీ బతకలేదు. వారం రోజులు పాళెం కంపు కొట్టింది. కానీ ఏరు బతికింది. ఆ వానలకు వచ్చిన రొయ్య గురించి మా నాయన పోయేదాకా చెబుతూనే ఉన్నాడు. పెద్దమ్మ మాత్రం ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఆ తర్వాత ప్రతి ఎండాకాలం, మొగ పూడేలోపే పాళెం పాళెమంతా పారలతో పోయేది. ఎవరూ పిలవాల్సిన పని లేకుండా పోయింది.

ఇది జరిగి యాభై ఏళ్ళు దాటింది. నేను పెరిగి, ఏటిలో దిగడం నేర్చుకుని, పెళ్ళాడి, కట్టుకున్నవాడు పోయాక మళ్ళీ మా పాళేనికే వచ్చి తమ్ముడి ఇంట్లో ఉంటున్నాను. నలభై ఏళ్ళు గంప నెత్తిన పెట్టుకుని వెంకటాచలం దారి పొడుగునా రైతుల ఊళ్ళలో చేపలు అమ్మాను. ఈలోగా ఏటికి ఉత్తరాన పొగగొట్టాలు లేచాయి. ఒకటి తర్వాత ఒకటి ఫ్యాక్టరీలు వచ్చాయి. మడచెట్లు కొట్టేసి పెద్ద గోడ కట్టారు. గోడ కింద నుంచి ఒక గొట్టం ఏటిలోకి దిగింది. వాన పడిన రోజున ఆ గొట్టం దగ్గర నురగ కట్టేది. మొదట పీతలు పోయాయి. తర్వాత ఏటిలో దిగిన ఆడవాళ్ళ కాళ్ళకు దురదలు, పుండ్లు మొదలయ్యాయి. ఒక్కొక్కరే దిగడం మానేశారు.

ముందటేడు వానలు వెనకబట్టాక, ఒక పొద్దున మా తమ్ముడి మనవరాలు వచ్చి చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయని చెప్పింది. నేను ఏటి దగ్గరికి కూడా పోలేదు. ఇల్లిల్లూ తిరిగి పారలు తెమ్మన్నాను. పెద్దమ్మ కథ పాళెంలో అందరూ విన్నదే, ఎవరూ ఎదురు చెప్పలేదు. పద్నాలుగు మందిమి మొగకు పోయాం. ఆ ఎండకు నాకు ఆయాసం వచ్చినా ఆగలేదు.

మొగ తెరిచే ఉంది. ఎంతో వెడల్పుగా, లోతుగా, మేము ఎన్నడూ తవ్వనంతగా తెరిచి ఉంది. పాటు నడుస్తోంది, సముద్రం వెనక్కి తగ్గుతోంది. ఏటి నీళ్ళు వడివడిగా సముద్రంలోకి పోతున్నాయి. వాటితోపాటు చచ్చిన చేపలు పొట్టలు పైకి తేలి, మా కళ్ళ ముందు నుంచి వరుసగా పోతున్నాయి. ఇంకా ప్రాణమున్నవి గట్టుకు వచ్చి తలలు ఇసుకకు ఆనించి అదురుతున్నాయి. వంగి దోసిట్లో నీళ్ళు తీసుకున్నాను. పురుగుమందు డబ్బా కడిగినట్టు ఘాటు. కళ్ళు మండాయి.

మాతో వచ్చిన ఒక కుర్రవాడు పార మీద ఆనుకుని నన్ను అడిగాడు.

"యాడ తవ్వాల అవ్వా?"

  అందరం పారలు భుజాన వేసుకుని వచ్చేశాం.

తర్వాతి రెండు రోజుల్లో సముద్రం ఒడ్డున కూడా మొదలైంది. జెల్లలు, టేకు చేపలు, నాలుగు పెద్ద తాబేళ్ళు. తాబేళ్ళ కళ్ళు బయటికి పొడుచుకు వచ్చి ఉన్నాయి. అధికారులు జీపులో వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకున్నారు. మబ్బు వల్ల నీళ్ళలో గాలి తగ్గి ఉంటుందని ఒకరు, రొయ్యల గుంటల మందులు కావచ్చని ఒకరు అన్నారు. గోడ వెనక వాళ్ళు తమ నీళ్ళు శుభ్రమైనవేనని చెప్పారట. ఆ సీసాల్లో ఏం తేలిందో మాకు ఎవరూ చెప్పలేదు. జేసీబీ తెచ్చి గుంట తీసి, ఒడ్డున ఉన్నవాటిని పూడ్చిపెట్టి పోయారు.

అన్నీ పూడ్చలేదు. మా మరదలు, పాళెంలో ఇంకొందరు ఆడవాళ్ళు జెల్లలను ఏరి ఉప్పు పట్టించి ఇసుక మీద ఎండబెట్టారు. ఎండుచేపల లారీ వస్తుందని కబురు వచ్చింది. వద్దని చెప్పాను. బతిమాలాను. మరదలు చెడ్డది కాదు. ఇంట్లో పొయ్యి వెలిగించాల్సింది ఆమె. ఏరు పోయింది, పడవలు కదలడం లేదు. నా వైపు చూడకుండా చేపలు తిరగేస్తూ ఒక మాట అంది.

"మనం తినేదానికి కాదులే వదినా."

అవి ఎవరి నోట్లోకి పోతాయో నాకు తెలుసు. నేను నలభై ఏళ్ళు తిరిగిన ఇళ్ళే అవి. మర్నాడు మొదటి ఆటోలో పోయాను. నెత్తిన గంప లేకుండా ఆ దారిలో పోవడం అదే మొదటిసారి. ఇంటింటికీ చెప్పాను, మా వైపు చేప పచ్చిదైనా ఎండుదైనా కొనొద్దని. ఒక రైతు ఇంటి కోడలు కొత్త పెళ్ళికూతురుగా వచ్చినప్పటి నుంచీ నా దగ్గరే కొనేది. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి అంతా విన్నది.  తర్వాత, ఇట్టాంటి చేప ఇంతకుముందు కూడా ఎప్పుడైనా మాకు పెట్టినావా అక్కా అని మెల్లగా అడిగింది. లేదని గట్టిగా చెప్పలేకపోయాను. నీళ్ళు ఎప్పటి నుంచి చెడ్డాయో నాకు మాత్రం ఏం తెలుసు.

లారీ వచ్చింది, ఆ ఊళ్ళలో కొనేవాళ్ళు లేరని తెలిసి ఖాళీగా పోయింది. కానీ మాట అక్కడితో ఆగలేదు. ఫోన్లలో ఊరూరా పాకింది. నెల తర్వాత మా తమ్ముడు నడిసముద్రం నుంచి వంజరాలు తెచ్చాడు. మేలైన చేప, ఆ విషంతో ఏమాత్రం సంబంధం లేనిది. మా పాళెం పేరు వినగానే ముత్తుకూరు, కోట బజార్లలో ఎవరూ ముట్టుకోలేదు. ఐసు కరిగేదాకా తిరిగి, వాటిని మళ్ళీ సముద్రంలోనే పారబోసి వచ్చాడు. ఆ రోజు నా ముందు కూర్చుని తమ్ముడు అన్న మాట: "పెద్దమ్మ ఊరిని బతికించింది. నువ్వు ఊరి కడుపు కొట్టినావు."

తర్వాత ఆ మాట మళ్ళీ అనలేదు. పడవ అమ్మేశాడు. వాడి కొడుకు ఇప్పుడు ఆ గోడ వెనకే కూలికి పోతున్నాడు. మరదలు నాకు అన్నం పెడుతుంది, పలకరించదు. ఎండుచేపలు లారీకి అమ్ముకోలేకపోయిన ఇళ్ళవాళ్ళు నేను ఎదురైతే తల తిప్పుకుంటారు. వాళ్ళ తప్పు లేదు.

పెద్దమ్మ బతికి ఉంటే ఏం చేసేదో అని చాలాసార్లు ఆలోచించాను. ఆమెకు ఇసుక అడ్డమొచ్చింది, తవ్వితే పోయే ఇసుక. నాకు అడ్డమొచ్చిన దాన్ని తవ్వే పార ఎవరి దగ్గరా లేదు. ఆమె రోజు ముగిసేటప్పటికి ఆమె వెనక పాళెమంతా ఉంది. నా రోజు ముగిసేటప్పటికి ఎవరూ లేరు. నేను చేసిందీ ఆమె నేర్పిందీ ఒకటేనా అని అడిగితే చెప్పలేను. ఆ పొద్దు ఏటిలో నాకు ఊపిరాడని ఆ కాసేపు మాత్రం నా ఒంట్లోంచి పోలేదు. ఎదురుగా ఏదైనా చస్తుంటే నావల్ల ఊరికే ఉండటం కాదు. దానితో ఏటికి మేలు జరగలేదు, మా వాళ్ళకూ జరగలేదు. వదిలించుకుందామన్నా నా చేత కావడం లేదు.

మా తమ్ముడి మనవరాలికి ఇప్పుడు పదేళ్ళు. పీతలు పట్టడం నేర్పమని ఒకటి రెండుసార్లు అడిగింది. ఏదో చెప్పి తప్పించాను. ఇప్పుడు అడగడం మానేసింది. మా ఇంట్లో ఏట్లో దిగడం తెలియకుండా పెరుగుతున్న మొదటి ఆడపిల్ల అది.