నల్ల పట్టీల మధ్య నా పెళ్లిచూపులు

నా డిగ్రీ అయిన ఏడాది, పెళ్లిచూపులకని మా నాన్నగారు గుడివాడలో కొత్త హెచ్‌డీ టీవీ కొన్నారు. బిగించడానికి వచ్చినాయన పాత సీడీ వేసి చూపిస్తే, బొమ్మకు రెండు పక్కలా నల్ల పట్టీలు కనిపించాయి. "తెర మొత్తానికీ డబ్బులిచ్చామండీ, బొమ్మ నిండుగా రావాలి" అని నాన్న పట్టుబట్టి దాన్ని సాగదీయించారు.

మచిలీపట్నం నుంచి పెళ్లివారు వచ్చారు. కాఫీలవగానే నాన్న, "పోయినేడాదిదండీ" అంటూ, నేను చేసిన కూచిపూడి నాట్యం సీడీ పెట్టారు. తెర మీద బీరువాకు చీర కట్టినట్టు నేను.

పెళ్లికొడుకు తల్లి తెరనూ నన్నూ మార్చి మార్చి చూశారు. "ఏడాదిలో ఇంతలా చిక్కిపోయావేంటమ్మా? జబ్బేమైనా చేసిందా?"

లేచి వెళ్దామంటే చాప మీద అటొక మేనత్త, ఇటొక మేనత్త. నాన్నేమో కవరు తీయని రిమోట్‌ను నొక్కుతూనే ఉన్నారు. బొమ్మ ఆగలేదు, సౌండు మాత్రం పెరిగింది.

అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న పెళ్లికొడుకు రిమోట్ అందుకుని ఏదో నొక్కారు. నల్ల పట్టీలు వచ్చాయి, మధ్యలో సన్నగా నేను.

"ఆ పట్టీలు ఉండాలండీ, మావయ్యగారూ" అన్నారు.

ఆ పిలుపుకి వాళ్లమ్మగారు చివ్వున తిరిగి కొడుకు వంక చూశారు.

కొత్త టీవీ కొనేవాళ్లకు నేను చెప్పేదొకటే, పాత సీడీలకు ఆ పట్టీలను ఉండనివ్వండి. ఇప్పుడు మా టీవీ ఉన్నది ఉన్నట్టే చూపిస్తుంది. మొన్న ఎవరిదో గృహప్రవేశం వీడియోలో నేను నిండుగా కనబడగానే, మావారు రిమోట్ కోసం వెతికారు.