వెంపలమెట్టలో రెండూ నలభై సిగ్నల్

దయ్యాలున్నాయని నేను ఎప్పుడూ నమ్మలేదు. ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో పనిచేశాను. అందులో సగం కాలం ఊళ్ళకి దూరంగా, శ్మశానాల పక్కన, చెరకు తోటల మధ్య ఉండే చిన్న స్టేషన్లలోనే గడిచింది. పాముల్ని చూశాను. తాగి పట్టాల మీద పడుకున్నవాళ్ళని చూశాను. అంతకు మించి ఏమీ చూడలేదు. తోటి ఉద్యోగులు తెల్లచీర కథలు చెబుతుంటే, అప్పుడు టైమెంతయిందని అడిగేవాణ్ణి. టైము చెప్పలేనివాడి సాక్ష్యం నాకు అక్కర్లేదు.

అందుకే ఇది టైములతో సహా రాస్తున్నాను. పద్దెనిమిదో ఏట నుంచి నాకు డైరీ రాసే అలవాటుంది. కింద రాసిన ప్రతి విషయం ఆ రోజునే డైరీలో రాసుకున్నది.

నేను యానాంలో, కనకాలపేటలో, ఒక మేడ మీది గదుల్లో అద్దెకుంటాను. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక మా అక్కయ్య ఇక్కడుందని వచ్చాను. ఆవిడ పోయిన తర్వాత వేరే చోటుకి వెళ్ళడానికి కారణమేదీ కనిపించక ఉండిపోయాను. యానానికి రైలు లేదు. మొదట్లో రైలు కూత వినపడని ఊళ్ళో నిద్ర పట్టేది కాదు.

ఆ రోజుల్లోనే బొమ్మ స్టేషన్లు కట్టడం మొదలుపెట్టాను. నేను పనిచేసిన స్టేషన్లలో నాలుగు మూతపడ్డాయి. ఇప్పుడు అక్కడ గోడలు కూడా లేవు. అసలు కొలతలో ఎనభై ఏడో వంతుకి తగ్గించి, అట్టతో, వెదురు పుల్లలతో, అగ్గిపుల్లలతో ఒక్కొక్కటే కట్టాను. పట్టాలు, ఇంజను, పెట్టెలు మాత్రం హైదరాబాదు నుంచి తెప్పించాను. కొలతలు నా డైరీల్లోనే ఉన్నాయి. ప్లాట్‌ఫారం పొడవు ఎన్ని అడుగులో, టిక్కెట్ల కిటికీకి ఎన్ని ఊచలో అప్పుడే రాసి పెట్టుకున్నాను.

నాలుగో స్టేషన్ వెంపలమెట్ట. అక్కడ ఆరేళ్ళు స్టేషన్ మాస్టరుగా ఉన్నాను. రోజుకి నాలుగు బండ్లు. స్టేషన్లో మనుషులం ఇద్దరమే, నేనూ, పాయింట్స్‌మాన్ వీర్రాజూ. పట్టాల మలుపులు మార్చడం, లీవరు లాగి సిగ్నల్ దించడం అతని పని. నేను లోపలి నుంచి "వీర్రాజూ, ఇచ్చెయ్" అంటే, అతను బయట నుంచి "ఆయ్" అనేవాడు. మరుక్షణం తీగ కిర్రుమనేది, దూరాన సిగ్నల్ రెక్క వాలేది. రెక్క అడ్డంగా ఉంటే ఆగమని, కిందికి వాలితే రమ్మని డ్రైవరుకి గుర్తు.

ఆ లీవరు లాగడం తేలిక కాదు. వీర్రాజు ఎడమకాలు దిమ్మ మీద పెట్టి, ఒక్క ఊపులో లాగేవాడు. సగంలో ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు.

లైను మూసేసిన రోజున ఆఖరి బండి మధ్యాహ్నం రెండూ నలభై పాసింజరు. వీర్రాజు పొద్దున్నే లీవరుని కొబ్బరి పీచుతో తోమి, నూనె రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాడు. ఉతికిన ఖాకీ బట్టలు వేసుకున్నాడు.

"బాబుగారూ, ఆఖరి సిగ్నల్ నాదేనండి. మళ్ళీ లాగేది ఉండదు కదండీ" అన్నాడు.

"నీది కాక ఎవరిదిరా" అన్నాను.

రెండున్నరకి పైఅధికారులు ఒక ఫోటోగ్రాఫరుని వెంటబెట్టుకుని వచ్చారు. స్టేషన్ మాస్టరు లీవరు పట్టుకుని ఉంటే ఫోటో బాగుంటుందని ఆ ఫోటోగ్రాఫరు అన్నాడు. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే, కాదనాలని అనిపించలేదు. వీర్రాజు చెయ్యి తీసేసి పక్కకి జరిగాడు. నేను లాగాను. అలవాటు లేని చెయ్యి, రెక్క సగమే వాలింది. సగం వాలిన సిగ్నల్‌ని నమ్మకూడదని రూలు. డ్రైవరు బండిని బయటే ఆపేశాడు. ఆఖరి బండి, జనంతో నిండిన బండి, నా చేతకానితనం వల్ల మూడు నిమిషాలు బయట నిలబడింది. రెండోసారి లాగితే గానీ రెక్క పూర్తిగా పడలేదు. అంతసేపూ వీర్రాజు అటు తిరిగి పట్టాల వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ మర్నాడు ఇద్దరం చెరో చోటికి బదిలీ మీద వెళ్ళిపోయాం. నేను ఏమీ చెప్పలేదు, తర్వాత ఉత్తరమూ రాయలేదు.

ఆ రోజు నా డైరీలో ఇంతే ఉంది: "2.40 పాసింజరు 2.43కి వచ్చింది. సిగ్నల్ నేనే లాగాను."

బొమ్మ వెంపలమెట్టలో అన్నీ కుదిరాయి. వీర్రాజు బొమ్మ దగ్గర ఆగిపోయాను. అతని ముఖం గుర్తు రాలేదు. ఆరేళ్ళ డైరీలు వెతికాను. ప్రతి పేజీలో అతని పేరుంది. ఎన్ని గంటలకి వచ్చాడో, ఏ రోజు సెలవు పెట్టాడో ఉంది. మనిషి ఎలా ఉంటాడో ఎక్కడా ఒక్క ముక్క లేదు. ఆఖరి రోజు ఫోటోలో నేనున్నాను, లీవరుంది, దండ ఉంది. అంచున ఒక ఖాకీ మోచెయ్యి ఉంది. అంతే. లీవరు పక్కన చోటు ఖాళీగా వదిలేశాను.

మరో రెండు నెలల్లో యానాంలోనే, ఫరంపేటలో ఒక స్కూలు హాల్లో నాలుగు స్టేషన్లూ ప్రదర్శనకి పెట్టాలని అనుకున్నాను. ఇంట్లో బండ్లు నడిపి పరీక్షించడం మొదలుపెట్టాను.

ఒక సోమవారం భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి లేచి చూస్తే వెంపలమెట్ట సిగ్నల్ వాలి ఉంది. నేనే దించి మరిచిపోయానేమో అనుకుని పైకి పెట్టాను. టైము 2.50. మంగళవారం మళ్ళీ అంతే.

బుధవారం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. 2.40కి లీవరు కదిలింది. అగ్గిపుల్లంత లీవరు, దాని నుంచి సన్నటి తీగ, తీగ చివర రెక్క. మూడూ కదిలాయి. సగంలో ఆగలేదు. ఒక్క ఊపులో పడింది.

ఒక్క విషయం చెప్పాలి. సిగ్నల్ పాడైతే రెక్క పైకి పోవాలే గానీ కిందికి పడకూడదు. తీగ తెగినా, మేకు ఊడినా, వెనకనున్న బరువు రెక్కని పైకి లేపి బండిని ఆపేస్తుంది. దాని తయారీయే అంత. నా బొమ్మకీ అలాగే బరువు కట్టాను. ఎవరైనా లాగితేనే రెక్క కిందికి వస్తుంది.

గురువారం ఫ్యాను ఆపాను, కిటికీలు మూశాను. 2.40కి పడింది. రొయ్యల లారీలు వెళ్ళినప్పుడు మేడ అదురుతుంది కాబట్టి శుక్రవారం వీధిని గమనించాను. లారీ ఏదీ రాలేదు. 2.39కి పడింది. శనివారం మజ్జిగ ఇద్దామని కింద వాటా సత్యవేణి గారు పైకి వచ్చారు. ఆవిడ చూస్తుండగానే పడింది.

"ఏంటండి మాస్టారూ, బండేదైనా వస్తందా?" అన్నారు.

"మీరు చూశారా? ఎవరూ ముట్టుకోలేదు" అన్నాను.

"బల్లి తోసుంటదండి. ఇంత చిన్న కొంపలో బల్లి కూడా ఏనుగే కదండీ" అని నవ్వి గ్లాసు పెట్టి వెళ్ళిపోయారు. బల్లి కోసం బల్ల కింద కూడా వెతికాను. లేదు.

ఆదివారం, సోమవారం, మంగళవారం కూడా పడింది. మొత్తం తొమ్మిది రోజులు. నాకు భయం వేయలేదు. ఆ ఊపు ఎవరిదో తెలిసినట్టే అనిపించింది, కానీ అది ఒప్పుకునే మనిషిని కాను. కారణం తెలియని సిగ్నల్‌ని ఏం చేయాలో రూలు పుస్తకంలో ఉంది. దాన్ని ఆపు గుర్తులోనే బిగించి ఉంచాలి. మంగళవారం సాయంత్రం 5.15కి లీవరు కదలకుండా ఒక గుండుసూది గుచ్చాను.

బుధ, గురు, శుక్రవారాలు సిగ్నల్ పడలేదు. శుక్రవారం డైరీలో ఇంకో వాక్యం ఉంది: "గుండుసూది కొంచెం వంగి ఉంది. నేను గట్టిగా గుచ్చినందువల్ల కావచ్చు." ఆ తర్వాత ఏమీ జరగలేదు.

ప్రదర్శన మూడు రోజులు. మిగిలిన మూడు స్టేషన్లలో బండ్లు తిరిగాయి. వెంపలమెట్టలో సూది తీయలేదు. సిగ్నల్ బాగైందని నిర్ధారణ కాకుండా బండిని లోపలికి తీసుకోవడం నాకు చేతకాదు. బొమ్మబండిని సిగ్నల్ బయటే ఆపి ఉంచాను. సత్యవేణి గారు మొదటి రోజే వచ్చి, "పొద్దుటి నుంచీ అక్కడే నిలబెట్టేశారు, లోపల జనం మిమ్మల్ని తిట్టుకోరాండీ?" అని వేళాకోళం చేశారు.

రెండో రోజు పదకొండు గంటలకి ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. మిగతావేవీ చూడకుండా తిన్నగా వెంపలమెట్ట దగ్గరకి వచ్చి, బోర్డు మీద పేరు చదివి, వంగి చాలాసేపు చూసింది.

"మాస్టారుబాబుగారు మీరేనాండీ? నేను వీర్రాజు కూతుర్నండి, నూకరత్నాన్ని. మండపేట నుంచి వచ్చేనండి. ఫోన్లో ఎవరో ఈ బొమ్మ స్టేషన్ ఫోటో పెట్టేరండి, వెంపలమెట్ట అన్న పేరు చూసేక ఆగలేకపోయేను."

"నాన్న బాగున్నాడా?" అన్నాను.

"పోయేడండి. నెలయ్యింది."

కుర్చీ వేశాను. ఆవిడ కూర్చోలేదు. లీవరు వైపు వేలు చూపించి, "నాన్న లాగేది ఇదేనాండీ?" అంది. అవునన్నాను.

"సోమవారం పడిపోయేడండి, మాట సరిగ్గా లేదు. మళ్ళీ వారం శుక్రవారం పోయేడు. ఆ పన్నెండ్రోజులూ మజ్జానం భోజనాలవ్వగానే, కుడిచెయ్యి ఇలా పైకెత్తి ఒక్క లాగు లాగేవోడండి. ఏంటి నాన్నా అంటే, బండి టైమయ్యిందే అనేవోడు. లాగేక మొహం ఎంత బాగుండేదోనండి."

నేను సంచిలోంచి డైరీ తీసి ఆ సోమవారం పేజీ తెరిచి పట్టుకున్నాను. ఆవిడకి చూపించలేదు.

"ఆఖరి మూడ్రోజులే చూడలేకపోయేమండి. చెయ్యెత్తేవోడు, లాగబోయేవోడు, చెయ్యి వచ్చేది కాదు. కళ్ళంట నీళ్ళు. బండి బయట నిలబడిపోయిందే, బాబుగారు లీవరుకి తాళం ఏసేశారు, తియ్యమని చెప్పవే అని ఒకటే గోల. అలా తాళాలేస్తారాండీ స్టేషన్లో?"

"సిగ్నల్ పాడైతే వేస్తారమ్మా. రూలుంది" అన్నాను.

"అదేనండి. నాకేం తెలుసు, ఎవర్నని అడగను? సరేలే నాన్నా, చెప్తాలే అన్నాను."

తాళం తియ్యమన్న మాట నాకు చెప్పడానికి ఆవిడ రాలేదు. అయినా చెప్పేసింది.

గుండుసూది తీశాను. తీస్తుంటే రెండుసార్లు జారింది. ఆఖరి రోజున సిగ్నల్ మీ నాన్నది, నేను లాక్కున్నాను అని ఆవిడతో చెప్పాను. ఇన్నేళ్ళలో ఆ మాట నోటితో అనడం అదే మొదటిసారి.

"తెలుసండి" అంది నూకరత్నం. "బాబుగారికి లాగడం రాదే అని నవ్వేవోడండి." "ప్రతిసారీ నవ్వేవోడు కాదులెండి" అంది.

లీవరు లాగమన్నాను. చిటికెన వేలితో లాగింది. రెక్క వాలింది. నేను మీట నొక్కాను. రెండు రోజులుగా బయట నిలబడిన బండి కదిలి, మెల్లగా వచ్చి ప్లాట్‌ఫారం మీద ఆగింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళు బొమ్మకి కొట్టారు.

వెళ్ళే ముందు ఆవిడ ఫోన్లో తండ్రి ఫోటో చూపించింది. బుగ్గలు లోపలికిపోయిన ముసలాయన. నాకు గుర్తు రాలేదు. వయసులో ఎలా ఉండేవాడని అడిగాను. ఎడమ కనుబొమ్మ మీద గాటు, చెవులు కొంచెం పెద్దవి, బండి వచ్చేటప్పుడు తలగుడ్డ తీసి భుజాన వేసుకునేవాడని చెప్పింది. డైరీలో రాసుకున్నాను. అతని పేరు నా డైరీలో వచ్చినన్నిసార్లు ఇంకెవరి పేరూ రాలేదు. ఎలా ఉండేవాడో రాసింది ఇదే మొదటిసారి.

ఆ గుర్తులతోనే బొమ్మ చేశాను. అంగుళం ఎత్తు కూడా ఉండదు. ఎడమకాలు దిమ్మ మీద పెట్టి లీవరు పక్కన నిలబడి ఉంటాడు.

దీన్ని ఎన్ని విధాలుగా ఆలోచించినా నాకు లెక్క కుదరలేదు. తొమ్మిది రోజులు, మూడు రోజులు, వంగిన గుండుసూది, అన్నీ నా చేతిరాతలో ఉన్నాయి. మండపేటలో మంచం మీదున్న మనిషికి కనకాలపేటలో నేను గుచ్చిన సూది ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్ళు చెబితే వింటాను, టైముతో సహా.

సూది సొరుగులో ఉంది. మళ్ళీ గుచ్చలేదు. రోజూ భోజనం కాగానే కుర్చీ వేసుకుని వెంపలమెట్ట ఎదురుగా కూర్చుంటాను. రెండూ నలభైకి, ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి, "వీర్రాజూ, ఇచ్చెయ్" అని పైకే అంటాను. డైరీలో రోజూ ఒకే వాక్యం రాస్తున్నాను. "2.40. సిగ్నల్ పడలేదు."