రోబోకు పూలదండ వేశారు, మల్లేశ్‌కు కుర్చీ వేయలేదు

మంగళవారం. పొద్దుటి నుంచీ ముసురు. బయలుదేరేముందు సీఎన్‌సీ మెషిన్ కింద, కోతను చల్లబరిచే కూలెంట్ ట్యాంకు తోడి, సగం కడిగి వదిలేశాను.

నిజాంపేటలో నాది ఒక్క మెషిన్ షెడ్డు. కంప్యూటర్‌లో పెట్టిన కొలతకు ఇనుమును మెషినే కోస్తుంది. కానీ తొమ్మిది కిలోల వాల్వు ముక్కను లోపల పెట్టేదీ, తీసేదీ మల్లేశ్. ఈ మధ్య అతని నడుము పట్టేస్తోంది. ఆ పని చేసే రోబో చెయ్యి హైటెక్ సిటీ ప్రదర్శనకు వచ్చిందని, మా ముక్క తెస్తే ఎత్తి చూపిస్తామని ఫోనులో చెప్పారు. ఇద్దరం వెళ్ళాం.

తొమ్మిదికి నిజాంపేట క్రాస్‌రోడ్డులో బస్సెక్కితే కొత్తగూడలో దిగేసరికి పది దాటింది. వాన పడితే ఆ దారి అంతే. అక్కడి నుంచి ఆటోకు వంద రూపాయలు. డ్రైవరు సంచీ ఎత్తి చూసి, "గింత ఇనుమేందన్నా, తూకానికి అమ్మనీకి పోతున్నరా?" అన్నాడు.

"అమ్మితేనే నీ కిరాయి ఎల్తది" అన్నాడు మల్లేశ్.

స్టాలులో రోబోకు బొట్టు పెట్టి బంతిపూల దండ వేశారు. నాకు కుర్చీ వేసి టీ ఇచ్చారు. మల్లేశ్ సంచీతో నిలబడే ఉన్నాడు. ముక్క అతనే అందించాడు. రోబో చెయ్యి దాన్ని పట్టుకుంది, అక్కడున్న మెషిన్‌లో పెట్టింది, తీసింది. వంక పెట్టడానికేమీ లేదు. అమ్మకాలు చూసే ఇంజనీరు మల్లేశ్ వైపు వేలు చూపించి నాతో అన్నాడు: "ఇది వస్తే ఇంక ఈయన అవసరం ఉండదండి."

మనిషి అక్కడే ఉన్నాడు. చెవులున్నాయి. నేను టీ కింద పెట్టేశాను.

మల్లేశ్ నా వైపే చూశాడు. "మంచిగనే ఉందన్నా, తీసుకో. నా నడుము బతుకుతది. గని దీన్ని నడిపేది నాకు నేర్పియ్యమను."

అదే అడిగాను. డిప్లొమా లేనివాళ్ళకు శిక్షణ ఇవ్వరట. కంపెనీ రూలట.

"నాకూ లేదు" అన్నాను. పదో తరగతితో ఆగాను. మెషిన్ ప్రోగ్రాములన్నీ ముక్కలు చెడగొట్టి నేర్చుకున్నవే.

"మీరు ఓనరు కదండీ" అని నవ్వాడు.

ఆ నవ్వుకు ఒళ్ళు మండింది. కొనేవాడికి లేని రూలు మోసేవాడికి ఎక్కణ్ణుంచి వచ్చింది? మల్లేశ్‌కు నేర్పుతామని రాసిస్తేనే కొంటానని చెప్పి లేచాను. బయట సంచీ అందుకోబోతే మల్లేశ్ ఇవ్వలేదు. "దీనికి డిప్లొమా ఉండాలన్నా" అన్నాడు.

షెడ్డుకు తిరిగొచ్చినా కోపం దిగలేదు. ఆ యంత్రం మీద కాదు. మల్లేశ్ నడుముకు అది కావాలి. అతను దాన్ని నడపడం నేర్చుకుంటే పని ఉంటుంది, లేకపోతే పోతుంది. నేర్పుతామన్న ఒక్క మాటతో తేలేది తేల్చకుండా దండ వేసి కూర్చున్నారు.

మీరూ ఇలాంటిది చూడబోతే, ముక్కతో పాటు దాన్ని రోజూ ఎత్తే మనిషినీ తీసుకెళ్ళండి. శిక్షణ ఎవరికిస్తారో టీ తాగకముందే అడగండి.

మల్లేశ్ అప్పుడే ట్యాంకు దగ్గర కూర్చున్నాడు. వంగొద్దని చెప్పి నేనే మిగతా సగం కడిగాను.