పీర్ల పండగలో పుణ్యవతి నోరు

దేవుడు పుణ్యవతికి నోరు రెండు పనుల కోసమే ఇచ్చాడని ఆమె భర్త వెంకటనారాయణ అనేవాడు. ఒకటి తినడం, రెండోది మాట్లాడడం. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం రాకుండా ఒకేసారి చెయ్యగల మనిషిని లోకంలో ఆమెనొక్కదాన్నే చూశానని కూడా అనేవాడు. పుణ్యవతి దాన్ని మెప్పు కిందే జమకట్టుకునేది.

ఆవిడ పుట్టింది రేపల్లె దగ్గర ఒక పల్లెలో. చిన్నప్పటి నుంచీ తిరనాళ్ళ పిచ్చి. చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఏ దేవుడికి కల్యాణం జరిగినా వెళ్ళాల్సిందే. ఆ దేవుడెవరో మరిచిపోయేదేమో గాని, ఎవరి కొట్లో జీళ్ళు పళ్ళకు అంటుకోకుండా ఉంటాయో, ఏ రంగులరాట్నం వాడు బతిమాలితే ఇంకో చుట్టు తిప్పుతాడో మాత్రం మరిచిపోయేది కాదు. గుళ్ళోకి రావే అని తల్లి కసిరితే, "నువ్వు వెళ్ళి దణ్ణం పెట్టుకో. నా వంతు కూడా పెట్టు" అనేదట.

పెళ్ళయ్యాక వెంకటనారాయణకు హైదరాబాదులో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. నగరంలో అద్దెలు భరించలేక హఫీజ్‌పేట్ స్టేషనుకు దగ్గర్లో రెండు గదులు తీసుకుని, రోజూ రైల్లో ఆఫీసుకు వెళ్ళొచ్చేవాడు. అప్పట్లో అక్కడేముంది? బండరాళ్ళు, సీతాఫలం పొదలు, మధ్యమధ్య జొన్నచేలు. అడవిలో తెచ్చి పడేశారని పుణ్యవతి నెల్లాళ్ళు ముక్కు చీదింది. తర్వాత బోనాలు వచ్చాయి. ఒళ్ళంతా పసుపు పూసుకుని కొరడా ఝళిపిస్తూ పోతురాజు మీదికొచ్చేసరికి ఆవిడ గుండె ఆగినంత పనైంది. బుగ్గన చెయ్యి వేసుకుని కొయ్యబారి నిలబడింది. అలా నిలబడ్డ చోటికే పక్క బండి మీంచి మిరపకాయ బజ్జీల వాసన వచ్చింది. అంతే, అడవి కాస్తా ఊరైపోయింది.

ఇంటి వాళ్ళు బాలనర్సయ్య, కిష్టమ్మ. కాస్త పొలం, ఒక బావి ఉన్న సంసారం. మధ్యగోడకు అటు వాళ్ళు, ఇటు వీళ్ళు. వచ్చిన ఏడే కిష్టమ్మ కూతురు రుక్కమ్మకు విషజ్వరం వచ్చి కళ్ళు తేలేసింది. దవాఖానలో కిష్టమ్మ ఒళ్ళోంచి పుణ్యవతి ఒళ్ళోకి, పుణ్యవతి ఒళ్ళోంచి కిష్టమ్మ ఒళ్ళోకి మారుతూ ఆ పిల్ల బతికి బయటపడింది. అప్పటి నుంచి రుక్కిని ఎత్తుకోకుండా పుణ్యవతికి పూట గడవదు. కిష్టమ్మకు ఈవిడ అక్క అయిపోయింది.

డెబ్బై రెండులో వానలు మొహం చాటేశాయి. కిష్టమ్మ వాళ్ళ బావి ఎండింది. పాడిగేదె సంతకు పోయింది. మరుసటేడు వానలు పడ్డా, కరువు తిన్న ఇల్లు తేరుకోవడం అంత సులువా అని పుణ్యవతి అనుమానం. డెబ్బై నాలుగు మొదట్లో, చలి తగ్గుతున్న రోజుల్లో, ఆ అనుమానం ఇంకా ముదిరింది. కిష్టమ్మ చిక్కిపోయింది. సాయంత్రం పొయ్యి వెలిగించినా తను తింటున్నట్టు కనపడదు. వంకాయ కూర గిన్నెలో పెట్టి ఇస్తే, "ఆకలైత లేదక్కా" అని పిల్లకు పెట్టేస్తోంది. అడిగితే నవ్వుతుంది, చెప్పదు.

ఇంతలో కొండాపూర్ పీర్ల పండగ వచ్చింది. మూడేళ్ళుగా పుణ్యవతి ఆ పండగ తప్పలేదు. పీర్లను మాత్రం ఒక్కసారీ చూళ్ళేదు. పీర్లను నిలబెట్టే పీర్ల కొట్టం ఊరి లోపలుంటుంది, దుకాణాలు ఊరి బయటుంటాయి. ఆవిడ దుకాణాల దగ్గరే ఆగిపోయేది. ఈసారి ఆదివారం పడింది. కిష్టమ్మనూ లాక్కుపోదామని పొద్దున్నే గోడ మీంచి పిలిచింది.

"నేను రానక్కా. నువ్వు పో. బజ్జీలు తిని రా" అంది కిష్టమ్మ.

"ఏమైందే? ఒంట్లో బాలేదా?"

"ఏం గాలె. జర పనున్నది."

పండగ పూట పనేమిటో పుణ్యవతికి అర్థం కాలేదు. సాయంత్రం సైకిలు మీద వచ్చి తీసుకుపొమ్మని భర్తకు చెప్పి, బండరాళ్ళ మధ్య దారిన ఒక్కతే నడిచి కొండాపూర్ చేరింది.

అక్కడికి చేరాక లోకం గుర్తుంటే కదా! పేలాలు, బూంది, మురుకులు, రంగు రంగుల చక్కెర చిలకలు, గాజుల మలారాలు. మొగిలి అనే బజ్జీలవాడు దూరం నుంచే చూసి ఆవిడ కోసం పెద్ద మిరపకాయలు ఏరి పక్కన పెట్టాడు. ఆ బజ్జీలు కాయితంలో పట్టుకుని, ఊదుకుంటూ తింటూ, పులివేషాల వాళ్ళు ఆడుతుంటే వాళ్ళ వెంట నడిచింది. డప్పులకు తగ్గట్టు పులులు ఎగురుతున్నాయి. పిల్లలతో పాటు ఆవిడా కేరింతలు కొట్టింది. అలా ఏ సందులో తిరిగిందో తెలియకుండానే ఎన్నడూ అడుగుపెట్టని ఊరి లోపలికి వచ్చేసింది.

ఒక ఇంటి గుమ్మం ముందు ఎవరో ఆడమనిషి చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. తల మీద కొంగు, మెడలో ఎరుపూ ఆకుపచ్చా దారాలు, భుజానికి జోలె. ఇంటావిడ చేటలో పిండి తెచ్చి ఆ జోలెలో పోసింది. తిరనాళ్ళన్నాక బిచ్చగాళ్ళుండరా అనుకుంటూ పుణ్యవతి పక్కనుంచి పోబోయింది. ఆ మనిషి తల తిప్పింది.

కిష్టమ్మ!

పుణ్యవతి నోట్లో బజ్జీ నోట్లోనే ఉండిపోయింది. డప్పులు ఎక్కడో పాతాళంలో మోగుతున్నట్టున్నాయి. చిక్కిపోయిన మొహం, తినని పూటలు, పొద్దున చెప్పని పని, అన్నీ ఒక్కసారే కలిసొచ్చి ఆవిడ గుండెల మీద పడ్డాయి. సొంత ఊళ్ళో చెయ్యి చాపితే పరువు పోతుందని పొరుగూరు వచ్చిందన్నమాట! ఇంత అన్యాయం తన పక్క వాటాలోనే జరుగుతుంటే తనకు తెలియకపోవడం ఏమిటి?

"ఒసేయ్ కిష్టమ్మా!" అని కేక పెట్టి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "నేనుండగా నీకిదేం ఖర్మే? గోడకు ఇవతల నేను మూడు పూటలా మెక్కుతూ కూచుంటే, నువ్వు ఊరు కాని ఊరొచ్చి అడుక్కుంటావా? ఒక్క మాట నాకు చెప్పకూడదూ?"

కిష్టమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. తల అడ్డంగా ఊపింది. పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ఎవరికీ చెప్పొద్దంటావా? చెప్పనే తల్లీ, నా ప్రాణం పోయినా చెప్పను! ముందు ఇది తిను." చేతిలో మిగిలిన బజ్జీ ఆమె నోటి దగ్గర పెట్టింది. కిష్టమ్మ మొహం పక్కకు తిప్పేసుకుంది. అంత ఆకలిలోనూ ఎంత అభిమానమో అని పుణ్యవతికి ఏడుపు తన్నుకొచ్చింది. బావురుమంటూ జోలె పట్టుకుని గుంజింది. "ఇది నీ ఒంటి మీద ఉండటానికి వీల్లేదు. తియ్యి! ఇంటికి పద!"

కిష్టమ్మ వదల్లేదు. ఈవిడా వదల్లేదు. ఎన్ని ఇళ్ళు తిరిగి పోగుచేసిందో, గోధుమపిండీ బెల్లమూ దబ్బున మట్టిలో పడ్డాయి. అక్కడే తిరుగుతున్న మేకలు రెండు వచ్చి మూతి పెట్టాయి.

"అయ్యో, నా బిడ్డా! నా బిడ్డ మొక్కు పాయె!" అని కిష్టమ్మ గుండెలు బాదుకుంది.

ఆ అరుపుకు డప్పులాగిపోయాయి. పులులు ఉన్నచోటే నిలబడిపోయాయి. పీర్ల కొట్టం లోంచి ముజావరు మదార్ సాబ్ పరుగున వచ్చాడు. పీర్లకు ఊదు వేసేదీ, పండగ నడిపించేదీ ఆ ముసలాయనే. మట్టిలో కూలబడ్డ కిష్టమ్మ ఏడుస్తూనే చెప్పింది.

"నా రుక్కి కండ్లు తేలేసిన నాడు మొక్కిన సాబ్. బతికితే మూడు పండ్గలు జోలె పట్టి ఫకీరు పడ్త అంటి. మొక్కు తీరేదాంక ఎవ్వరికి చెప్పొద్దంటే ఎవ్వరికి చెప్పకపోతి. పండ్గ రోజులల్ల ఒంటిపూటనే తింటి. ఇయ్యాల ఆఖరుది. జోలె పట్టినంక పీర్లు లేసేదాంక నోరు ఇప్పొద్దంటిరి. ఇప్పితి. జోలె కింద పాయె. ఇగ నా బిడ్డ గతేంది?"

పుణ్యవతి వేళ్ళ మీద లెక్క వేసుకుంది. మూడు పండగలు! అంటే నిరుడూ, ముందటేడూ కూడా ఇదే ఊళ్ళో ఈమె నోరు కట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే, నాలుగు సందుల అవతల తను బజ్జీలు తింటూ రంగులరాట్నం ఎక్కి కూచుందన్నమాట. పైగా ఇప్పుడు తన చేతులతోనే రుక్కి మొక్కును మేకల పాలు చేసింది. ఆ చేతులను నరికెయ్యాలనిపించింది. ఏమంటారో అని మదార్ సాబ్ మొహంలోకి చూస్తూ నిలబడింది. ఊరంతా ఆయన మొహంలోకే చూస్తోంది.

మదార్ సాబ్ గడ్డం నిమురుకున్నాడు. "ఫికర్ చెయ్యకు బేటీ. మొక్కు పిల్లది. పిల్ల పేరు మీద జోలె నిండాలె, మలీద పీరుకు ముట్టాలె, గంతే. నువ్వు నోరు ఇప్పినవ్, ఇగ నువ్వు పట్టొద్దు. ఆ పిల్లను ఒళ్ళ ఎత్తుకున్నోల్లు ఎవరన్న పట్టొచ్చు. కాని పొద్దు గూకక ముందే పీర్లు లేస్తయ్. అవి లేసేదాంక ఒక్క మాట నోట్లెకెల్లి రావొద్దు."

"నేను" అనబోయి పుణ్యవతి నోరు ఠక్కున మూసేసింది. చెప్పులు విడిచి, మెడ వంచింది. కిష్టమ్మ వెక్కుతూనే తన మెడలోని దారాలు తీసి ఆవిడ మెడలో వేసి, జోలె భుజాన తగిలించింది.

తిరనాళ్ళలో చెయ్యి చాపి అడగడం పుణ్యవతికి కొత్త కాదు, కాని చిల్లర ఇచ్చి అడగడం వేరు. మొదటి గుమ్మం ముందు నిలబడ్డప్పుడు ఒళ్ళంతా చెమట పట్టింది. ఎవరైనా ఎవరమ్మా నువ్వు అనడిగితే చెప్పడానికి లేదు. పసుపు బావుందనో, ముగ్గు బావుందనో ఒక మాట అని నవ్వడానికీ లేదు. నోరు లేకుండా మనిషి ముందు నిలబడడం ఇంత సిగ్గుగా ఉంటుందని ఆవిడకు ఆ రోజే తెలిసింది. ఇల్లాలు దోసెడు పిండి పోసి కళ్ళకద్దుకుని లోపలికి వెళ్ళింది. అది ఇంకో వింత. బిచ్చం వేసినామె దణ్ణం పెట్టడం!

ఇళ్ళు తిరిగీ తిరిగీ దుకాణాల వైపు వచ్చింది. "ఏందమ్మా, ఇంకో వాయ ఎయ్యాల్నా?" అన్న మొగిలి, జోలె చూసి నోరు తెరిచాడు. అంతలోనే చేతులు కడుక్కుని, చాయ్ కొట్లోంచి బెల్లం గడ్డ తెచ్చి జోలెలో వేశాడు. బాణలిలో బజ్జీలు వేగుతున్నాయి. పుణ్యవతి వాటి వైపు చూడలేదు. పొద్దు కిందికి దిగుతోంది, జోలె ఇంకా సగమే అయింది.

సరిగ్గా అప్పుడే సైకిలు బెల్లు మోగింది.

వెంకటనారాయణ సైకిలు దిగి రెండడుగులు వేసి, అక్కడే బిగుసుకుపోయాడు. కట్టుకున్న భార్య చెప్పుల్లేకుండా, నలుగురి కొట్ల ముందూ జోలె పట్టుకుని తిరుగుతోంది. పొద్దున్న ఇంట్లో పులిహోర తిని బయల్దేరిన మనిషి!

"పుణ్యం! ఏమిటే ఇది?"

పుణ్యవతి పెదాల మీద వేలు పెట్టుకుంది.

"నోరు పడిపోయిందా? పిచ్చి గాని పట్టిందా? నేను బతికుండగా నీకిదేం ఖర్మ? మా ఆఫీసు వాళ్ళెవరైనా చూస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఒక్క మాట చాలు, ఆయన చల్లబడిపోతాడు. ఆ మాట నాలుక చివర ఉంది. పుణ్యవతి పళ్ళు బిగబట్టింది. "తియ్యి ముందు!" అని ఆయన జోలె మీద చెయ్యి వేశాడు. గుడ్డ చిరుగుతున్న చప్పుడైంది. మట్టిలో పడ్డ పిండి ఆవిడ కళ్ళ ముందు మెదిలింది. అరవడానికి లేదు, తొయ్యడానికి చేతులు ఖాళీ లేవు.

వంగి ఆయన చెయ్యి కొరికింది.

"అబ్బా!" అని వెంకటనారాయణ ఎగిరి అవతల పడ్డాడు. ఉత్త కొరుకుడు కాదు, రక్తం చిమ్మింది. కొట్ల వాళ్ళు కొట్లు వదిలి లేచారు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన్ని పల్లెత్తు మాట అనని పుణ్యవతి, తాను చేసిన పనికి తానే నిర్ఘాంతపోయి, జోలె గుండెలకు హత్తుకుని, కళ్ళ నీళ్ళు కారుస్తూ పక్క కొట్టు ముందుకు పోయి నిలబడింది.

వెనక నుంచి కిష్టమ్మ పరుగెత్తుకొచ్చి ఆయనకు అంతా చెప్పింది. ఆయన గాయమైన చెయ్యి పట్టుకుని విన్నాడు. తర్వాత గంట చప్పుడు కాకుండా సైకిలు నడిపించుకుంటూ, జోలె నిండేదాకా భార్యకు నాలుగడుగుల వెనకే తిరిగాడు.

పొద్దు గూకకముందే డప్పులు మోగాయి. పీర్లు లేచాయి. వెండి హస్తాలకు కట్టిన పచ్చటి, ఎర్రటి దట్టీలు ఎగురుతుంటే ఊరంతా "అసోయ్ దూలా" అని ఊగింది. పుణ్యవతి తెచ్చిన పిండితో కాల్చిన రొట్టెలు బెల్లంతో కలిపి ముద్ద చేసి, ఆ మలీదను పీరుకు చూపించి, మదార్ సాబ్ మొదటి ముద్ద బాలనర్సయ్య ఎత్తుకొచ్చిన రుక్కి నోట్లో పెట్టాడు. ఆ పిల్ల బుగ్గలు ఉబ్బించుకుని నవ్వింది.

"ఇగ మాట్లాడొచ్చమ్మా" అన్నాడాయన.

అందరూ పుణ్యవతి వైపు తిరిగారు. ఇంతసేపూ ఆపిన మాటలన్నీ ఇప్పుడు వరదలా వస్తాయనుకున్నారు. చేతికి గుడ్డ కట్టుకుని నిలబడ్డ భర్తను చూసింది, కిష్టమ్మను చూసింది. ఆవిడ అడిగింది ఒక్కటే.

"ఆయన జోలె లాగితే కొరికి పారేశాను కదే. అదే పని నేను చేసినప్పుడు, నీ మూడేళ్ళ మొక్కు నేల పాలవుతుంటే, నువ్వు నన్నెందుకు కొరకలేదే?"

కిష్టమ్మ ఆవిడ మెడలోని దారాలు మెల్లగా విప్పింది.

"నువ్వు ఏడుస్తుంటివి గదక్కా" అంది. "నాకోసం ఏడ్శేదాన్ని ఎట్ల కొరుకుత?"